వేడెక్కితే ఆగిపోయే బండితో శ్రీశైలం

నా బండి పాత 150 సీసీ, కార్బొరేటర్‌ది. రెండు నెలల నుంచి దానికి ఒకటే రోగం. పొద్దున్నే ఒక్క కిక్కుకి స్టార్ట్ అవుతుంది, ఓ 40 నిమిషాలు గుర్రంలా పోతుంది, ఆ తర్వాత మిస్సింగ్ మొదలై రెండు మూడు కుదుపులిచ్చి ఆగిపోతుంది. అరగంట నీడలో పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్. డాక్టర్ గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లల్లాగ, మెకానిక్ షాపు దాకా తోసుకెళ్ళేసరికి చల్లారిపోయి బుద్ధిమంతురాలైపోయేది. ఒకాయన కార్బొరేటర్ కడిగాడు, ఇంకొకాయన ప్లగ్గు, దానికి కరెంట్ పంపే హెచ్‌టీ కాయిల్ రెండూ కొత్తవి వేశాడు, ఇద్దరూ వీధి చివరిదాకా ఒక రౌండ్ కొట్టొచ్చి సూపర్ ఉంది సార్ అన్నారు. వీధి చివరిదాకా అయితే నాకూ సూపరే.

ఏప్రిల్ చివర్లో, మా బామ్మర్ది శ్రీశైలం పోదాం బావా అని వారం నుంచి సతాయిస్తుంటే సరే అని తెల్లారి ఐదింటికి ఎల్బీ నగర్ నుంచి బయల్దేరాం. హైదరాబాద్ నుంచి ఓ 215 కిలోమీటర్లు ఉంటుంది. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు దాకా చల్లగాలి, బండి కిక్కురుమనలేదు, వాడు వెనకాల కూర్చుని పాటలు. ఎండెక్కాక వెల్దండ దాటామో లేదో మొదలైంది, టుక్కు టుక్కు మని, ఇక ఆగింది.

చింతచెట్టు కింద పెట్టి ముందు ట్యాంక్ మూత తీశా. మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోల్ కిందకి దిగదు, అలాంటప్పుడు మూత తియ్యగానే బుస్సుమని గాలి పీలుస్తుంది, బండి కూడా కాసేపటికి స్టార్టవుతుంది. ఇక్కడ బుస్సూ లేదు గిస్సూ లేదు. కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే పెట్రోల్ ధారగా వచ్చింది, అంటే పెట్రోల్ తప్పు కాదు. కిక్ రాడ్ చేత్తో నొక్కి చూశా, గట్టిగానే ఉంది. వాల్వుల్ని నొక్కి తెరిచే టాపెట్లు మరీ టైట్‌గా ఉంటే వేడికి ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది, కిక్కు లూజుగా పడిపోతుంది. (సౌండ్ వస్తోంది టైట్ చెయ్యమని మనమే మెకానిక్‌ని పీక్కు తింటాం, అది వేరే కథ.) ఆఖరికి ప్లగ్గు విప్పి క్యాప్‌కి తగిలించి హెడ్డుకి ఆనించి, వాణ్ణి కిక్ కొట్టమన్నా. కరెంట్ లేదు. పది కిక్కులు కొట్టినా మిణుకు కూడా లేదు, స్పేర్ ప్లగ్గు పెట్టినా అంతే. పావుగంట తర్వాత మళ్ళీ కొడితే నీలంగా చిటుక్కుమంది!

బావా వచ్చింది వచ్చింది అని వాడు గంతులు, నాకేమో అప్పుడే బెంగ పట్టుకుంది, ఎందుకంటే ముందున్నది అడవి. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటితే దోమలపెంట దాకా దాదాపు 60 కిలోమీటర్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోంచే పోవాలి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్ మూసేస్తారు, మధ్యలో వటవర్లపల్లి లాంటి చిన్న ఊళ్ళు తప్ప ఆగడానికి చోటుండదు. డిండి దాటాక ఇంకోసారి ఆగేసరికి ఇక దేవుడి మీద భారం వెయ్యకుండా హాజీపూర్ దగ్గర అచ్చంపేట రోడ్డు ఎక్కించేశా. ఊళ్ళోకి వచ్చి, షాపు ఇంకో రెండొందల గజాలుందనగా మళ్ళీ ఆగింది. తోసుకుంటూ పోయాం. బండి జబ్బుతో సహా షాపుకి చేరడం అదే మొదటిసారి.

మెకానిక్ కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయేమో. చెప్పిందంతా విని, "జర ఆగన్నా, సల్లారనియ్యకు" అని గబగబా సైడ్ కవర్ ఊడదీసి, ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంట్ పుట్టించే మాగ్నెట్ దగ్గర్నుంచి వచ్చే వైర్ల జాయింట్ లాగి, పికప్ కాయిల్ వైర్లకి మీటర్ పెట్టాడు. మీటర్లో ఉత్త 1 కనబడింది, అంటే లోపల తెగిపోయినట్టు. ఆయిల్ కారకుండా బండిని కుడివైపు గోడకి వాల్చి మాగ్నెట్ కవర్ విప్పి, బొటనవేలంత కూడా లేని ఆ నల్ల ముక్కని బయటికి తీశాడు. ఇంజిన్ తిరిగేటప్పుడు ఎప్పుడు కరెంట్ వెయ్యాలో సీడీఐకి, అంటే ప్లగ్గుకి కరెంట్ వదిలించే డబ్బాకి, కబురు చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే ఎన్ని కొత్త ప్లగ్గులు పెట్టినా దండగే.

చల్లారాక మళ్ళీ మీటర్ పెడితే 204 ఓములు, శుభ్రంగా. నేను ఇంకా అనుమానంగా చూస్తున్నానని పక్క టీ కొట్టు నుంచి గ్లాసు నిండా మరిగే నీళ్ళు తెప్పించి, కాయిల్‌ని పాలిథీన్ కవర్లో చుట్టి అందులో ముంచాడు. ముగ్గురం మీటర్ మీదకి వంగాం. 210, 219, 228... రాగి వేడెక్కితే అంత పెరగడం మామూలే. 233 దగ్గర ఒక్క క్షణం ఊగి, 1. కవర్ బయటికి తీసి ఊదుతూ కూర్చుంటే కాసేపటికి మళ్ళీ 220 చూపించింది. "సల్లగుంటె కొసలు అంటుకుంటయ్, కాగినంక ఇడిపోతయ్" అన్నాడు. వెంట్రుకంత సన్నటి తీగ లోపల ఎక్కడో తెగి ఉందట, ఇంజిన్ వేడికి పక్కకి జరుగుతోందట. రెండు నెలలు, ఇద్దరు మెకానిక్‌లు, నేను వదిలించుకున్న డబ్బులు, అన్నీ ఆ గ్లాసులో కనబడ్డాయి.

పాత ఇంజిన్ నుంచి తీసిన కాయిల్ ఒకటి ఉంటే అదీ వేడినీళ్ళల్లో ముంచి చూసి వేశాడు. గాస్కెట్ చిరిగితే పేస్ట్ రాసి బిగించాడు. మొత్తం 350 తీసుకున్నాడు, నేను 500 ఇస్తే టీకి డబ్బులు పట్టుకుని మిగతాది వెనక్కిచ్చాడు.

మన్ననూర్ దగ్గర రెండు దాటింది. అడవి అంతా ఆకు రాలి, కోతులు రోడ్డుకి రెండువైపులా బామ్మర్ది చేతిలో అరటిపళ్ళ కోసం కాపలా. వాడు మాత్రం ప్రతి పది నిమిషాలకీ ఆపుదాం బావా, చల్లారనిద్దాం అంటూనే ఉన్నాడు. దోమలపెంట దాటి ఘాట్ దిగి డ్యామ్ చూసి, సున్నిపెంట ఎక్కడం మొదలుపెట్టాక సెకండ్ గేర్లో ఇంజిన్ సెగ మోకాళ్ళకి తగులుతుంటే నాకూ గుండె పీచుపీచుమంది. మలుపు దగ్గర వాడే తాళం తిప్పి ఆపేశాడు. దిగకుండానే కిక్ కొట్టా. స్టార్ట్. ఆపి మళ్ళీ కొట్టా. స్టార్ట్. కారులో పోతున్న వాళ్ళెవరో అద్దం దించి మరీ చూశారు, ఈయనకేమైనా అయిందా అన్నట్టు. మూడోసారి మా బామ్మర్దే దిగొచ్చి, "నేనొకటి కొడతా బావా" అన్నాడు.