యార్డుకి సెలవులు, పెరట్లో పని

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో గుమస్తాగా చేస్తున్నాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాకు వేరే లోకం ఉండదు. తెల్లారేసరికి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటాయి, రాత్రి రైతుల లెక్కల పట్టీలు రాసేసరికి కళ్లు మండిపోతుంటాయి. ఇంటికొచ్చి చొక్కా దులిపితే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. మే నెలలో ఎండలు ముదిరాక యార్డుకి సెలవులిస్తారు. ఏటా ఆ సెలవులు నిద్రలోనే గడిచిపోయేవి. ఈసారి షాపులో మిగిలిన ఒక పాత చిట్టా పుస్తకం అడిగి తెచ్చుకుని, మొదటి పేజీలో పెరటి పని రాసుకున్నాను: పిట్టలకీ సీతాకోకచిలుకలకీ అక్కడ చోటు చేయాలి.

పెరడంటే పెద్దదేం కాదు. ఇంటి వెనక నలభై గజాల మట్టినేల, గోడవారన ఒక వేప, వంటింటి గుమ్మం దగ్గర కరివేపాకు చెట్టు, అమ్మ పెంచే మందారాలు, నాలుగు వంగ మొక్కలు. ఈ ప్లాన్ ఎందుకు పుట్టిందో చెప్పాలంటే ఆ వంగ మొక్క దగ్గరికే వెళ్లాలి.

రెండేళ్ల క్రితం ఆషాఢంలో ఆ మొక్క మీద ఒక పిట్ట గూడు కట్టింది. పిచ్చుక కంటే చిన్నది, నెత్తిన ఇటుకరంగు, నిక్కబొడుచుకున్న తోక. అరుపు మాత్రం ఒంటికి మించి ఉంటుంది. నాయనమ్మ దాన్ని జిట్ట అనేది, మా అమ్మాయి ఫోన్‌లో చూసి టైలర్‌బర్డ్ అంది. గూడు చూడాలని మోకాళ్ల మీద కూర్చుని వంగి చూశాను. రెండు ఆకుల అంచుల్లో వరసగా సూదితో పొడిచినట్టు కన్నాలు. ఒక్కో కన్నంలోంచి దూదిపోగు, దానికి సాలెపట్టు. పోగు వెనక్కి జారిపోకుండా బయటి కొస ఉండలా విచ్చుకుని ఉంది, గోనెసంచి మూతికి మేం వేసే కుట్టులా. ముప్పై ఏళ్లుగా సంచుల కుట్లు చూస్తున్నవాణ్ణి, అంత చక్కని కుట్టు చూడలేదు.

అదే వారం కరివేపాకు మీద పురుగు పడింది. రెట్ట మచ్చల్లాంటి చిన్న పురుగులు, పక్కనే చిటికెన వేలంత ఆకుపచ్చవి. అమ్మ గోల పెట్టింది. తెలిసిన రైతు దగ్గర మిగిలిన మందు ఉంటే తెచ్చి కొట్టాను. మాకు పురుగు కనిపిస్తే మందు కొట్టడం తప్ప వేరే ఆలోచన రాదు. మర్నాటికి పురుగులన్నీ నల్లగా వేలాడాయి. అప్పటిదాకా గంటకి పదిసార్లు కరివేపాకు మీదికి వచ్చి, ముక్కున పురుగు పెట్టుకుని గూటికి పోతుండేది ఆ పిట్ట. మందు కొట్టిన మూడో రోజుకి గూట్లో కిచకిచలు ఆగిపోయాయి. తల్లి ఇంకో రోజంతా తీగ మీద కూర్చుని అరిచింది.

ఆ పచ్చ పురుగులు నిమ్మ సీతాకోకచిలుక పిల్లలని తర్వాత తెలిసింది. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి, అంతకు మించి మనల్నేం చేయవు. కరివేపాకు, నిమ్మ, మారేడు లాంటి చెట్ల ఆకు తప్ప తినవు. అందుకే చిట్టాలో మొదటి పద్దు: పెరట్లో మందు బంద్. కరివేపాకు చెట్టు రెండు వాటాలు. వంటింటి వైపు కొమ్మలు అమ్మవి, గోడ వైపు కొమ్మలు పురుగులవి. తొలకరి పడగానే గోడవారన ఒక నిమ్మ మొక్క, రెండు తంగేళ్లు, ఒక జిల్లేడు పెడతాను. తంగేడు ఆకు మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. జిల్లేడంటే అమ్మ మొదట ఒప్పుకోలేదు, తెల్లజిల్లేడయితే వినాయకుడికి పనికొస్తుందని సరే అంది.

మందారాల విషయంలో అమ్మకీ నాకూ ఇంకా తేలలేదు. ఆవిడకి ముద్ద మందారం కావాలి, పూజకి నిండుగా ఉంటుందని. తేనెపిట్టలు మాత్రం రేకమందారం దగ్గరికే ఎక్కువగా వస్తున్నాయి. పువ్వు మొదట్లో పక్కనుంచి ముక్కు పొడిచి తేనె తాగి పోతాయి. ముద్ద మందారంలో రేకుల మధ్య వాటికి దారి దొరకదు. రెండు రేకమందారం కొమ్మలు ఇప్పటికే డబ్బాల్లో నాటాను.

అన్నిటికంటే ముందు పని మాత్రం నీళ్లు. ఇప్పుడు పగలు 43 డిగ్రీలు దాటుతోంది. వేపకింద రెండు మట్టి మూకుళ్లు, రెండంగుళాల లోతుకి మించకుండా, మధ్యలో ఒక గరుకు రాయి. లోతెక్కువైతే చిన్న పిట్టలు దిగవు, నున్నగా ఉంటే కాలు జారతాయి. పొద్దున్నే ఆరింటికి పీచుతో తోమి నీళ్లు మారుస్తున్నాను, మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పక్కింటి పిల్లి పొంచి ఉంటుంది కాబట్టి వాటిని ఛాతీ ఎత్తు స్టూలు మీద పెట్టాను. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఒక పెద్ద నల్లంచి పిట్ట వచ్చి రాయి మీద నిలబడి, ఒక రెక్క ముంచి, ఆగి, చుట్టూ చూసి, రెండో రెక్క ముంచింది. ఆ తర్వాత అరగంటలో గోరింకలు, పిగిలిపిట్టలు, రెండు ఉడతలు వరసగా వచ్చి నీళ్లు తాగిపోయాయి.

పిచ్చుకలకి ఒక చెక్క పెట్టె చేయిస్తున్నాను. కన్నం ఇంచుంపావు, అంతకంటే పెద్దదయితే గోరింక ఆక్రమిస్తుంది. పడమటి ఎండ తగలని గోడకి, చేతికందని ఎత్తులో. సంక్రాంతికి చూరుకి వరికంకుల కుచ్చులు కట్టే అలవాటు మా ఇంట్లో తాతగారితో ఆగిపోయింది, వచ్చే పండక్కి మళ్లీ మొదలుపెడతాను. పిచ్చుక పిల్లలకి తొలి రోజుల్లో కావాల్సింది మాత్రం గింజ కాదు, పురుగు. అందుకే నాకు పెట్టె కంటే ఆ కరివేపాకు కొమ్మల మీదే ఎక్కువ నమ్మకం.

మా అమ్మాయి ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసింది, అరుపు విని పేరు చెబుతుంది. చలికాలమంతా గోరింట పొదలో ఎవరో నాలుక చప్పరించినట్టు చెక్, చెక్ మనేది, పిట్ట కనిపించేది కాదు. అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అట. ఎక్కడో మధ్య ఆసియాలో గూడు కట్టుకుని, చలికి మా గోరింట పొద వెతుక్కుంటూ వస్తోంది. సెప్టెంబరు నుంచి దాని రాక చిట్టాలో తేదీతో రాస్తాను. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. అప్పుడు యార్డులో ఊపిరాడదు. పదిహేను నిమిషాలు లెక్కపెట్టినా చాలన్నారు, అంతమాత్రం పొద్దున్నే కుదురుతుంది.

దూరం వెళ్లేది ఒక్క ఉప్పలపాడుకే. ఊరికి ఇంత దగ్గర్లో, ఇళ్లకి ఆనుకున్న చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా గూళ్లు పెడతాయి. ఇన్నేళ్లు గుంటూరులో ఉండి రెండుసార్లే వెళ్లాను. ఈ చలికాలం ఒక ఆదివారం అమ్మాయిని బండి మీద తీసుకెళ్తాను.

చిట్టాలో లేని మొక్క ఒకటి వేపకింద దానంతటదే మొలిచింది. మిరప. మేం విత్తలేదు. మిరప కారం పిట్టలకి మంటగా తగలదు, పిగిలిపిట్ట పండు మింగి గింజని రెట్టలో వదిలేస్తుంది. రోజంతా మిరపకాయల మధ్య బతికే నాకు ఆ సంగతి మొన్నమొన్నటిదాకా తెలియదు. దాన్ని పీకొద్దని అందరికీ చెప్పాను, చుట్టూ ఇటుకలు పేర్చాను.

ఇవాళ పొద్దున మూకుడు తోముతుంటే ఒక నిమ్మ సీతాకోకచిలుక కరివేపాకు చుట్టూ తిరిగింది. అది వెళ్లాక లేత ఆకు తిప్పి చూశాను. లేత పసుపు గుడ్డు ఒకటి, మిరపగింజలో సగం కూడా లేదు. అది అమ్మవైపు కొమ్మే. పిలిచి చూపించాను. కళ్లజోడు పైకి జరుపుకుని కాసేపు చూసింది, తర్వాత పోపుకి పక్క రెమ్మ తుంచుకుని లోపలికి వెళ్లింది.