పొద్దుగూకే ముందు పిడికెడు గింజలు

చలికాలం వచ్చిందంటే పెరట్లో పిట్టలకు మేత వేసేవాళ్ళు చాలామంది పొద్దున్నే పళ్ళెం నింపేసి, ఆ పూటకి పనైపోయిందనుకుంటారు. పొద్దుటి మేత మంచిదే. నన్నడిగితే మాత్రం సాయంత్రం వేసేదే అసలు మేత. పొద్దుగూకడానికి ఓ గంట ముందు.

పిట్ట ఒంటి వేడి మనకంటే ఎక్కువ, 40 డిగ్రీల సెల్సియస్ పైమాటే. ఒళ్ళు ఎంత చిన్నదైతే వేడి అంత తొందరగా పోతుంది. చలికాలం రాత్రేమో తెమలదు, చీకట్లో పిచ్చుకకి గింజ దొరకదు. పగలు తిని దాచుకున్న కొవ్వునే తెల్లవార్లూ ఖర్చుపెట్టుకోవాలి. తెల్లారేసరికి ఒంటి బరువులో పదో వంతు దాకా కరిగిపోయే చిన్న పిట్టలున్నాయి. సాయంత్రం ఈకలు ఉబ్బించుకుని కూర్చున్న పిట్టను చూసి ‘ఎంత బొద్దుగా ఉందో’ అని మురిసిపోతాం కానీ, అదంతా ఈకల మధ్య పట్టి ఉంచుకున్న గాలే. దానికదే దుప్పటి.

అందుకే సాయంత్రం కొవ్వున్న గింజలే వేస్తాను. నల్ల పొద్దుతిరుగుడు గింజలకు పొట్టు పల్చన, చిన్న ముక్కుకీ లొంగుతాయి. ఉప్పు తగలని పల్లీలు పలుకులుగా నలగ్గొట్టి వేస్తే ఇంకా మేలు. బూజు వాసన వచ్చిన పల్లీలు మాత్రం చెత్తబుట్టలోకే. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. రొట్టెముక్కలు కడుపు నింపుతాయే గానీ రాత్రికి పనికొచ్చే బలం ఇవ్వవు.

మా గువ్వ ఒకటుంది, పళ్ళెం మధ్యలో బైఠాయించి ఎవర్నీ రానివ్వదు. దాని పుణ్యమా అని చిరుధాన్యాలు వేరుగా కింద చల్లడం మొదలుపెట్టాను. ఏది వేసినా చీకటిపడేలోగా ఖాళీ అయ్యేంతే. మిగిలిందా, ఎలుకలకు విందు, మంచుకి తడిసి బూజు.

నీళ్ళ సంగతి అందరూ మర్చిపోతారు. గడ్డకట్టే చలిలో పిట్టలకు మేతకన్నా నీళ్ళే కరువు. రెండంగుళాల లోతు దాటని పళ్ళెం చాలు. గడ్డకట్టకుండా ఉప్పు కలపకండి, గోరువెచ్చని నీళ్ళు మార్చి పోయండి.

ఒకేచోట అన్ని పిట్టలు మూగితే రెట్టల్లోంచి సాల్మొనెల్లా అనే రోగక్రిమి పాకుతుంది. అందుకని ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళతో పళ్ళేలు కడిగి, మళ్ళీ మంచినీళ్ళతో తొలిచి, బాగా ఆరబెట్టాకే మేత వేస్తాను. సాయంత్రం ఉబ్బి కూర్చుంటే చలి అనుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అలాగే కూర్చుని, మనిషి దగ్గరికెళ్ళినా ఎగరకపోతే అది జబ్బు. అప్పుడు రెండు వారాలు మేత ఆపేయడమే దయ. గుంపు చెదిరితే రోగం పాకడమూ తగ్గుతుంది.

మేత అలవాటైతే వలస మానేస్తాయేమో అని అడిగేవాళ్ళున్నారు. ఏటా వలస వెళ్ళే పిట్టల్ని ముఖ్యంగా కదిలించేది పగటి పొద్దు తగ్గడం, మన పళ్ళెం కాదు. మన పళ్ళేనికొచ్చే పిట్టలు కూడా తిండిలో ఎక్కువ భాగం బయటే వెతుక్కుంటాయి. నాలుగు రోజులు ఊరెళ్ళాల్సొస్తే నిశ్చింతగా వెళ్ళిరండి.