హన్మకొండలో ఖాళీ తూటాల మధ్య ఒక మధ్యాహ్నం

వరంగల్ వెళ్లొచ్చినవాళ్లు రాసేవి కోట తోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప. అవన్నీ నేనూ చూశాను. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పలో ఆదివారం జనం ఎలా ఉంటారో మీకు తెలిసిందే, పార్కింగ్ దగ్గరే నా ఓపిక అయిపోయింది. ఈసారి నా మనసులో నిలిచింది మాత్రం హన్మకొండలో మామ వాళ్లింటి వరండా.

మామ ఫౌజులో సుబేదారుగా రిటైరయ్యాడు. రైఫిల్ షూటింగ్ ఇంకా వదల్లేదు. నేను వెళ్లేసరికి పాత దుప్పటి మీద ఖాళీ ఇత్తడి తూటాలు పరిచి, ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి తిప్పుతున్నాడు. ముందు లైసెన్సు కాగితాల ఫైలు చూపించి, తర్వాతే కూర్చోమన్నాడు. రైఫిల్ పేలితే గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గుల్ల మిగులుతుంది. దాన్ని మామ ఖోకా అంటాడు. అనుమతి ఉన్నవాళ్లు అందులో కొత్త ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న మూత), మందు, గుండు పెట్టి మళ్లీ వాడతారు. పాయింట్ 22 తూటాకు ఆ వీలు లేదు, దానికి విడి ప్రైమర్ ఉండదు, నిప్పు పుట్టించే మందు అడుగు అంచు మడతలోనే ఉంటుంది.

మూతి దగ్గర నిలువుగా పగిలినవి ఎవరికైనా కనబడతాయి. కనబడకపోయినా వినబడతాయి: నాలుగు ఖోకాలు గుప్పిట్లో వేసి ఆడిస్తే, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే, పగిలినదాని చప్పుడు బొంగురుగా వస్తుంది. మామ భయమంతా వీటి గురించి కాదు.

"గీత కనవడుతుందా?" అని నిగనిగలాడుతున్న ఒక ఖోకా నా చేతిలో పెట్టాడు. అడుగుకు కాస్త పైన, చుట్టూ తిరిగిన సన్నని మెరుపు గీత. "కండ్లతోని కాదు అల్లుడా, తీగతోని చూడాలె." కొస వంచిన సన్నని తీగ లోపలికి దింపి, అడుగు నుంచి గోడ వెంట పైకి లాగమన్నాడు. నున్నగా వస్తున్న తీగ ఒకచోట టక్కున తట్టుకుంది. పేలిన ప్రతిసారీ గుల్ల సాగి సాగి అక్కడ గోడ పలచబడుతుంది. ఇంకోసారి పేలిస్తే అడుగు ఊడిపోయి, వేడి గ్యాస్ వెనక్కి తన్నవచ్చు. రైఫిల్ వెనక ఉండేది మనిషి ముఖమే కదా!

నాకు పెంబర్తి గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు జనగామ ముందు అక్కడ దిగాను. నేనెక్కిన సూపర్ లగ్జరీ అక్కడ ఆపడానికి కండక్టరుతో వాదన, పైగా హన్మకొండ దాకా పూర్తి టికెట్టు. కానీ అక్కడ సుత్తి దెబ్బలకు బిగుసుకుపోయిన ఇత్తడి రేకును కాల్చి మెత్తబరచడం చూశాను. ఖోకా మూతికీ అదే వైద్యం. కొన్నిటి మెడ మీద నీలి, గోధుమ రంగు మచ్చ ఉంది. తీసిపారేయబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు. అది మూతిని కాల్చిన గుర్తు, లోపం కాదట. అడుగు మాత్రం ఎప్పుడూ కాల్చకూడదు, గట్టిగా ఉండాల్సింది అదే. ఇత్తడి మీద గులాబీ మచ్చలుంటే అందులో జింకు తినేసి రాగి మిగిలినట్టు, అవి వద్దు. ప్రైమర్ చుట్టూ మసి కారినవీ, ప్రైమర్ గుంట వదులైనవీ వద్దు. చివరికి వెర్నియర్‌తో పొడవు: 308 విన్చెస్టర్ రకం తూటా అయితే 51.18 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే కత్తిరించాలి.

మామ చెప్పినవాటిలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది గుర్రాల సంగతి. 19వ శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సైన్యం దాచిన తూటాలు వానాకాలంలో పేల్చకుండానే పగిలేవి. వాటిని ఉంచింది గుర్రపు కొట్టాల్లో. అక్కడి మూత్రం నుంచి లేచే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిన బిగువు కలిసి పని చెడగొట్టాయి. కారణం స్పష్టంగా తేలింది 1921లో. అందుకే మామ అమ్మోనియా కలిసిన పాలిష్ ముట్టడు. అమ్మ చెంబులు చింతపండుతో తోమేది, ఆయన గోరువెచ్చని నీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు వేస్తాడు.

అత్తమ్మ వేడివేడి సర్వపిండి తెచ్చింది. చెయ్యి చాపితే మామ గట్టిగా అరిచాడు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, సబ్బుతో కడుక్కునేదాకా ముట్టనివ్వలేదు. బయట సర్వపిండి ముక్కకు ఎంత తీసుకుంటున్నారో, ఎంత నూనె పోస్తున్నారో తలచుకుంటే అత్తమ్మ చేతి వంటకు దండం పెట్టాలనిపించింది.

పక్కన పెట్టినవాటిలో చాలా మటుకు పైకి కొత్తవాటిలా ఉన్నవే. వాటి మూతులను పటకారుతో నొక్కి చప్పగా చేశాడు, ఇంకెవరూ పొరపాటున వాడకుండా. మిగిలినవాటిని ఎన్నిసార్లు పేలాయో చూసి వేర్వేరు డబ్బాల్లో వేసి, డబ్బాల మీద ఆ లెక్క రాశాడు. చీకటి పడినా రెండు డబ్బాలు మిగిలాయి. ట్యూబులైటు కింద గీతలు తెలియవని వాటిని పొద్దుటికి ఆపేశాడు.