ధనుర్మాసంలో మద్రాసు: ఈనాటి వాగ్గేయకారుల ఇళ్లకు

త్యాగరాజస్వామి కీర్తన ఒకటే ఇద్దరు విద్వాంసుల దగ్గర నేర్చుకుంటే రెండు రకాలుగా వస్తుంది. ఆయన 1847లో సిద్ధి పొందారు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు ఎవరి దారిలో వాళ్లు ఆ పాటల్ని కాపాడారు. వాలాజాపేట వాళ్ల రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో భద్రంగా ఉన్నాయి. అయినా ఫలానా సంగతి, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే స్వరాల మలుపు, స్వామి ఇలాగే పాడారా అన్న సందేహం వస్తే అడగడానికి ఎవరూ లేరు. ఇప్పుడు కృతులు రాస్తున్నవాళ్లు మాత్రం మన మధ్యే ఉన్నారు. వాళ్లను కలిసి అడగాలని ఎప్పటినుంచో ఉన్న కోరిక. అందుకే ఈసారి మద్రాసు డిసెంబరు సంగీత సీజన్‌కి కచేరీల జాబితాతో పాటు కొన్ని ఇళ్ల అడ్రసులు కూడా రాసుకుని బయల్దేరాను.

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగొచ్చు. ఊరి పేరు చెన్నై అయినా, సంగీతం మాట వస్తే నాకది మద్రాసే. మైలాపూరులో బస. ధనుర్మాసం కాబట్టి తెల్లవారకముందే కపాలీశ్వరుడి గుడి చుట్టూ మాడవీధుల్లో భజన మొదలవుతుంది. ఆ పక్కనే కొంగులు బిగించి ముగ్గులు పెట్టే ఆడవాళ్లు, పాల ప్యాకెట్ల సైకిళ్లు. ఎనిమిదింటికల్లా మ్యూజిక్ అకాడమీలో సోదాహరణ ప్రసంగాలకు జనం చేరిపోతారు. ఆ సంస్థ 1928 నుంచి ఉంది. ఇంత శ్రద్ధగా వినే జనం ఉన్న ఊళ్లో కూడా కొత్త కృతికి చోటు దొరకడం ఎంత కష్టమో ఒక పెద్దాయన ఇంట్లో కూర్చున్నాకే తెలిసింది.

ఆయన వయొలిన్ విద్వాంసులు. జీవితమంతా పక్కవాద్యమే. తాతల కాలంలో నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. పేరు రాయొద్దన్నారు. ముందుగదిలో చాప, శ్రుతి పెట్టె, గోడకి త్యాగరాజస్వామి పటం. బీరువాలోంచి పొడుగాటి నోటుపుస్తకాలు తీసి నా ముందు పెట్టారు. పెన్సిల్‌తో స్వరాలు, కింద పెన్నుతో సాహిత్యం.

"సాహిత్యం ముందు వస్తుందా మాస్టారూ, వర్ణమెట్టు, అంటే బాణీ, ముందా?" అని అడిగాను.

"ఎత్తుగడ ముందు నాయనా. తాళం వేస్తూ కూచుంటాను. సమంలో, అంటే తాళం దెబ్బతోనే ఎత్తుకోవాలా, అనాగతంలో, అంటే దెబ్బ పడ్డాకనా అన్నది తేలాలి. అది తేలితే మొదటి మాటకి ఎన్ని అక్షరాలు కావాలో తెలిసిపోతుంది. ఆ తర్వాత ప్రాస చూసుకుంటాను." ప్రాస అంటే రెండో అక్షరం. 'నగుమోము' అని పల్లవి ఎత్తుకుంటే అనుపల్లవి 'నగరాజధర' అని వస్తుంది చూడండి, ఆ 'గ' కుదరాలి. కుదిరే మాట కోసం నెల రోజులు ఆగిన పల్లవులు కూడా ఉన్నాయట. దీర్ఘం ఉన్నచోట స్వరం నిలబడాలని, పొట్టి అక్షరం మీద గమకం (స్వరాన్ని ఊపడం) లాగితే మాట విరిగిపోతుందని వయొలిన్ మీద వాయించి చూపించారు. గొంతు లేని వాద్యం మీద కూడా మాట విరగడం స్పష్టంగా వినబడింది.

మరి ఇవి ఎవరైనా పాడుతున్నారా అంటే కాసేపు మాట్లాడలేదు.

"పక్కన కూచుని వాయించేవాణ్ని. నా కృతి పాడండని గాయకుణ్ని నేనెలా అడుగుతాను? ఒకరిద్దరు పాడారు. మొదటిసారి నా మొహం చూసి పాడతారు నాయనా. రెండోసారి ఎవరైనా పాడితే అప్పుడు పాట నచ్చినట్టు."

మాట బాలమురళి గారి మీదికి వెళ్లింది. కుర్రతనంలోనే 72 మేళకర్తలకూ (మూల రాగాలకు) కృతులు రాసిన మనిషి. స, గ, ప, ని అని నాలుగే స్వరాలతో మహతి రాగం చేశారు. "ఆయనకి ఆ గొంతుంది, ఆ పేరుంది. తన పాట తనే పాడుకున్నారు, లోకం విన్నది. అందరికీ అలా కుదరదు" అన్నారు మాస్టారు. ఆ మాటలో అసూయ లేదు. కళ్లల్లో భక్తే కనిపించింది.

నాకు వెంటనే 'బ్రోచేవారెవరురా' గుర్తొచ్చింది. శంకరాభరణం సినిమా పుణ్యమా అని తెలుగునాట తెలియనివాళ్లు లేరు. అది త్యాగరాజ కీర్తనే అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. రాసిన మైసూరు వాసుదేవాచార్యులు 1961 దాకా బతికే ఉన్నారు. అంటే మన తాతల్లో ఎవరైనా వెళ్లి ఆయన్ను కలిసి ఉండొచ్చు. అది ఖమాస్ రాగం. మాస్టారి కృతుల్లో నాకు బాగా నచ్చినదీ ఖమాసే, మిశ్రచాపు తాళం. ఫొటోకాపీ తీసుకుంటానంటే పుస్తకమే చేతికిచ్చి పంపారు.

కొట్టూర్‌పురంలో కలిసిన ఆవిడ బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మాతృభాష తమిళం. కీర్తనలు తప్పు పలకకూడదని తెలుగు అక్షరాలు నేర్చుకుని, ఆ తెలుగులోనే కృతులు రాస్తున్నారు. 2015 డిసెంబరు వరదల్లో అడయారు నది పొంగి వాళ్ల కింది వాటాలోకి వచ్చేసిందట. వీణ నీళ్లల్లో ఉండిపోయింది. ఆ నది మీద ఒక కృతి రాశారు. అమృతవర్షిణి రాగంలో చెయ్యలేదా అని అడిగాను. "అయ్యో, అది వాన రమ్మని పాడే రాగం కదండీ! మాకు ఆగాలి" అన్నారు. శోకం పలికే శుభపంతువరాళి రాగంలో చేశారు. పల్లవి పాడుతుంటే మధ్యలో గొంతు పూడిపోయింది. దేవుడి పేరు లేని పాటని సభల్లో పాడరేమోనని ఆవిడకి బెంగ. నాకైతే నదిని అంతలా వేడుకోవడం కూడా భక్తే అనిపించింది. ఇది ఎవరైనా పెద్ద వేదిక మీద పాడాలి, పాడతారు కూడా.

వేళచేరిలో సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకతను పిల్లల కోసం చిన్న చిన్న వర్ణాలు (సాధనకి పనికొచ్చే పాటలు) చేసి యూట్యూబులో పెడుతున్నాడు. ఆఫీసు కాల్ వచ్చి ఎక్కువసేపు కూర్చోలేకపోయాం.

బయల్దేరే ముందు ఒక చిన్న సభలో మధ్యాహ్నం కచేరీకి వెళ్లాను. ఆ వేళ టికెట్ ఉండదు. పాడేది కాలేజీ వయసు అమ్మాయి, వయొలిన్ మాస్టారే. మూడో పాటగా ఆయన ఖమాస్ కృతి ఎత్తుకుంది, రాసింది ఎవరో మైకులో చెప్పి మరీ. నా ఒళ్లో నోటుపుస్తకం ఉంది. అనుపల్లవిలో ఒకచోట ఆయన కాకలి నిషాదం, అంటే పై 'ని', రాసి చుక్క గుర్తు పెట్టుకున్నారు. ఆ అమ్మాయి దాని కిందిదైన కైశికి నిషాదం పాడింది. మాస్టారు మారు మాట్లాడకుండా కైశికే వాయించారు.

తర్వాత క్యాంటీన్‌లో ఉండబట్టలేక అడిగాను. "రాసింది మీరే కదా, మీరెందుకు సర్దుకున్నారు?"

"వేదిక మీద నేను పక్కవాద్యం" అని కాఫీ తాగి, "అయినా ఆ పిల్ల పాడింది కూడా బాగానే ఉంది. ఇంటికెళ్లి రెండూ వాయించి చూస్తాను" అన్నారు.

విజయవాడ వచ్చాక ఆ నొటేషన్ మా సంగీతం టీచర్‌కి ఇచ్చాను. ఆవిడ ఇద్దరు పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. పల్లవి వచ్చేసింది. అనుపల్లవిలో సరిగ్గా ఆ నిషాదం దగ్గర ఆగి మాస్టారికి ఫోన్ చేశాం. స్పీకర్‌లో పెట్టమని, రెండుసార్లు పాడి వినిపించారు. కాకలి. "ఆ అమ్మాయికీ ఫోన్ చేసి చెప్పాను" అన్నారు. పిల్లలు తిరిగి పాడితే ఊఁ కొడుతూ విని, చరణంలో మూడో పాదం దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా చెప్పారు. ఈ ఆదివారం చరణం మొదలవుతుంది.