వైజాగ్‌లో అక్రోట్: ఆకు సరే, కాయ సంగతేంటి?

వైజాగ్‌లో అక్రోట్ చెట్టు, అదే వాల్‌నట్, బతుకుతుందా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను. బతుకుతుంది. పైకి పెరుగుతుంది, ఆకు వేస్తుంది, గేటు దగ్గర ఆగి "ఇదేం మొక్కండీ?" అని అడిగించుకుంటుంది. కాయ మాత్రం కాయదు. ఆ కాయ కోసం పడ్డ తిప్పలన్నీ ఇక్కడ రాస్తున్నాను, కొత్తగా మోజు పడేవాళ్లకి పనికొస్తుందని.

మాది ఎంవీపీ కాలనీ. ఇంటి వెనక కొంచెం జాగా, మేడ మీద కుండీలు. సైన్సు మాస్టారుగా రిటైరయ్యాను కాబట్టి నా మొక్కల పిచ్చికి ఇంట్లో పెద్దగా అడ్డు లేదు. ఓసారి ఆన్‌లైన్‌లో మొక్కలమ్మేవాళ్ల ప్రకటన కంటబడింది. చలికి తట్టుకునే పొట్టి రకం వాల్‌నట్ అట, కుండీలోనే కాపు అట. బొమ్మలో నడుమెత్తు మొక్కకి గుత్తులు గుత్తులుగా పచ్చి కాయలు. డబ్బు కట్టే ముందు కాస్త చదువుకుందామని కూర్చున్నాను.

చలికి తట్టుకోవడం అంటే గడ్డకట్టే చలిలో కూడా కొమ్మ చావకపోవడం. కార్పేథియన్ కొండల నుంచి వెళ్లిన వాల్‌నట్ రకాలకి ఆ పేరుంది. కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో మైనస్ 30 డిగ్రీల వరకు పడిపోయే చోట్ల వాటిని పెంచుతారు. అక్కడి రైతుకి అది వరం. జనవరి తెల్లవారుజామున పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికి తీసే ఊరు మనది. మనకి దేనికది? మనకి కావలసింది చలి లేకపోయినా పూత పూసే గుణం. చలిని ఓర్చుకునే రకాలకి ఆ గుణం ఉండి తీరాలని ఏమీ లేదు. చలి బాగా పడే చోట పుట్టిన చెట్టు చలి కోసమే కాచుకుని కూర్చుంటుంది.

ఇక పొట్టి సంగతి. మామూలు వాల్‌నట్ పాతిక మీటర్ల దాకా కూడా పోగలదు. పొట్టి రకాలంటే నాలుగైదు మీటర్లు, అంటే ఒక అంతస్తు మేడ దాటుతుంది. బొమ్మలో చూపించినట్టు నడుమెత్తులో ఆగేది కాదు. పైగా పొట్టి చెట్టు గింజ నాటితే పొట్టి చెట్టే వస్తుందన్న భరోసా లేదు, అంటు కట్టిన మొక్క అయితేనే ఆ గుణం నిలుస్తుంది. ఆ అమ్మకందారు పంపేది అంటా, గింజ మొక్కా అని అడిగితే జవాబు రాలేదు. ఆ ఆలోచన అక్కడితో మానుకున్నాను.

హైవే పక్కన ఒక నర్సరీలో అక్రోట్ ఉందంటే అక్కడికీ వెళ్లాను. నిజంగానే ఉంది, ఏపుగా, పెద్ద పెద్ద ఆకులతో. ఆకు వెనక్కి తిప్పి చూశాను. లేత ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి నూగు, ఆకు అంచులు అక్కడక్కడా కోసుకుపోయి ఉన్నాయి. అది నాటు అక్రోటు. ఉష్ణదేశాల చెట్టు, మన వాతావరణానికి చక్కగా సరిపోతుంది. కానీ దాని గింజ పచ్చిగా తింటే వాంతులు, విరేచనాలు తప్పవు. పిల్లలున్న ఇంట్లో వాల్‌నట్ అనుకుని పెంచితే ప్రమాదం. అసలు వాల్‌నట్‌ని గుర్తు పట్టడం తేలికే. ఒక ఈనెకి ఐదు నుంచి తొమ్మిది చిన్న ఆకులుంటాయి, చివరిది అన్నిటికన్నా పెద్దది. నలిపితే ఘాటైన వాసన, సబ్బు పెట్టి కడిగినా వేళ్లకి ఓ పూట ఉంటుంది. ఇంకా అనుమానమైతే పుల్లని నిలువుగా చీల్చి చూడండి. లోపలి బెండు గుల్లగా, నిచ్చెన మెట్లలా అడ్డగడులుగా కనిపిస్తుంది. ఆ మెట్లు లేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

చివరికి మా పక్కింటివారి అల్లుడు ఆదుకున్నాడు. శ్రీనగర్‌లో ఉద్యోగం. కాశ్మీర్‌లో కాయ సెప్టెంబరులో దులుపుతారు. దసరాకి వస్తూ ఆ యేటి పంట, పెంకుతో ఉన్నవి, ఓ సంచీడు తెచ్చాడు. అక్కడ పెంకు మందాన్ని బట్టి మూడు రకాలు: చేత్తో నొక్కితే పగిలే కాగజీ, మధ్యరకం బుర్జుల్, సుత్తి పెడితే గానీ పగలని వొంత్. కాగజీలు మా మనవరాలు అప్పటికప్పుడే అవగొట్టేసింది. నాటడానికి నాకు మిగతావే నయమనిపించింది, తడిలో నెలల తరబడి ఉండాలి కదా. బజార్లో దొరికే పెంకు తీయని కాయలు కూడా వాడొచ్చు కానీ బాగా వేడి మీద ఎండబెట్టినవైతే మొలవవు. ఏది ఎలా ఎండిందో కొట్టువాడికి తెలీదు.

వాల్‌నట్ గింజని నేరుగా మట్టిలో పెడితే లాభం లేదు. ముందు దానికి శీతాకాలం చూపించాలి. కాయల్ని నీళ్లలో నానబెట్టి రోజూ నీళ్లు మార్చాను, తేలినవి తీసేశాను. తరవాత తడిపి పిండిన కొబ్బరి పొట్టులో కలిపి, మూతకి చిల్లులు పెట్టిన డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను. అక్కడ నాలుగైదు డిగ్రీలుంటుంది, సరిగ్గా కావలసినంత. మూడు నెలలు అలాగే ఉండాలి.

"గోంగూర పచ్చడి పక్కన ఈ మట్టి డబ్బా ఏంటండీ, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అని మా ఆవిడ.

"కాశ్మీర్ అనుకుంటారు" అన్నాను. సంక్రాంతికి చుట్టాలొచ్చేసరికి డబ్బా మీద కాగితం అంటించి ఉంది, "తినేది కాదు" అని. ఆవిడ చేతిరాతే.

అప్పుడప్పుడు మూత తీసి చూడాలి. బూజు పట్టిన కాయని కడిగి మళ్లీ పెట్టేయొచ్చు, మెత్తబడితే మాత్రం పారేయాలి. జనవరి చివర్లో కాయల కొన దగ్గర అతుకు సన్నగా విచ్చుకుంది. ఆ చీలికలోంచి తెల్లటి వేరు మొన వంకరగా కిందికి దిగుతోంది. పప్పు బయటికి రాదు. చిక్కుడు గింజలా బద్దలు మట్టి పైకి లేవడం ఇక్కడ చూడం. రెండు బద్దలూ పెంకులోనే ఉండిపోయి మొక్కకి తిండి పెడతాయి. క్లాసులో ఇన్నేళ్లు బొమ్మగీసి చెప్పిన పాఠం అరచేతిలో చూసుకోవడం బాగుంది.

కాయని అతుకు నిలువుగా ఉండేలా పక్కకి పడుకోబెట్టి, మూడు వేళ్ల లోతున నాటాను. కుండీలు కావు, నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. తల్లివేరు మొదటి ఏడాదే పైమొక్క కన్నా పొడుగ్గా దిగుతుంది, పొట్టి కుండీలో చుట్టలు చుట్టుకుంటుంది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. అడుగునా పక్కలా చిల్లులు. పైన ఇనప జాలీ తప్పనిసరి, మా వీధి పందికొక్కులకి ఫ్రిజ్‌లోంచి వచ్చిన వాల్‌నట్ అంటే మహా ప్రీతి.

ఫిబ్రవరిలో మొలకలు పైకొచ్చాయి, లేతాకు రాగి రంగులో. మార్చి దాకా దివ్యంగా ఉన్నాయి. మే వచ్చేసరికి ఆకుల అంచులు మాడడం మొదలు. ఎండ ఒక్కటే కాదు, మాకు సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు గాలి కూడా. షేడ్ నెట్ కట్టి, సాయంత్రం పూట ఆకుల మీద మంచినీళ్లు కొట్టి కడిగేవాణ్ని. దాంతో సర్దుకున్నాయి. వానాకాలంలో వేరే బాధ. వాల్‌నట్ వేరుకి నీళ్లు నిలవడం పడదు, కాండం మొదలు నల్లబడి కుళ్లుతుంది. ఒక మొక్క అలాగే పోయింది. మిగతా డ్రమ్ముల్ని ఇటుకల మీదికెక్కించాను.

అసలు కథ శీతాకాలంలో బయటపడింది. డిసెంబరులో ఆకు రాల్చాలి కదా, రాల్చదు. పాత ఆకులు చిల్లులు పడి, గోధుమ రంగు మచ్చలతో వేలాడుతూనే ఉంటాయి. ఏప్రిల్‌లో చూస్తే కొమ్మ చివరి మొగ్గ ఒక్కటే విచ్చుకుంది, పక్క మొగ్గలన్నీ గట్టిగా మూసుకునే ఉన్నాయి. ప్రతి ఏడాదీ ఇదే వరస. మొక్క పొడుగ్గా సన్నగా పైకి పోతుంది తప్ప పక్కకి కొమ్మలు విచ్చదు.

కారణం లెక్కలో ఉంది. చలి ప్రాంతాల చెట్లు శీతాకాలంలో నిద్రపోతాయి. ఆ నిద్ర తీరాలంటే సుమారు 7 డిగ్రీల లోపు చలి ఇన్ని గంటలు అందాలని ఒక లెక్కుంటుంది. వాల్‌నట్‌కి రకాన్ని బట్టి 400 గంటల నుంచి వెయ్యి గంటల పైదాకా కావాలి. 700 గంటలే అనుకున్నా, ఇరవై తొమ్మిది రాత్రీపగళ్లు ఏకధాటిగా చలి ఉండాలి. వైజాగ్ ఖాతాలో ఎన్ని గంటలు? సున్నా. నిద్ర తీరని మొగ్గ పూయదు, కొమ్మే వేయకపోతే కాయ ఎక్కడ కాయాలి? వాల్‌నట్‌కి ఆడపువ్వు కొత్త కొమ్మ చివర వస్తుంది మరి.

"మరి ఆపిల్ వేడి ఊళ్లలో కాస్తోంది కదా" అంటారు. నిజమే. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమాన్ శర్మ ఎంపిక చేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 తక్కువ చలికే కాసే రకం. ఆపిల్‌లో అలాంటివి ఉన్నాయి, సున్నా చలికి కాసే వాల్‌నట్ మాత్రం నాకెక్కడా దొరకలేదు. ఇండోనేషియాలో జావా దీవి కొండల మీద, బాతు ఊరి దగ్గర, ఆపిల్ చెట్ల ఆకులు చేత్తో దూసేసి నిద్రని తప్పిస్తారు. అదీ చేసి చూశాను. జనవరిలో ఒక చెట్టు ఆకులన్నీ దూసేశాను. పై రెండు మూడు మొగ్గలు కదిలాయి, కింద ఉన్నవి ఉలకలేదు పలకలేదు. మొగ్గల్ని రేపే రసాయనాలు కూడా ఉన్నాయి కానీ అవి మనిషికి విషం, పెరట్లో వాడాల్సినవి కావు.

చలి ఇక్కడికి రాదు కాబట్టి చెట్టే చలి దగ్గరికి వెళ్లాలి. మా జిల్లాలో ఒకప్పటి భాగమే, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, చింతపల్లి. పక్కనే లంబసింగి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, కొన్ని చలికాలాల్లో సున్నా దరిదాపులకి పడిపోతుంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో మనలాంటి గిరిజనేతరులు భూమి కొనకూడదు, కొనే ఉద్దేశమూ లేదు. నాతో పనిచేసిన ఒక మాస్టారిది అక్కడి ఊరే, కాఫీ తోట ఉంది. మొక్కలు ఆయనవే, చూడ్డానికి వచ్చే హక్కు నాది అని ఒప్పందం. వాల్‌నట్‌లో ఒకే చెట్టు మీద మగపూత, ఆడపూత సాధారణంగా ఒకేసారి రావు, పుప్పొడి గాలికి రావాలి. అందుకని రెండు మొక్కలు తీసుకెళ్లాను.

నర్సీపట్నం దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఘాట్ ఎక్కే బస్సు. గోనెలో చుట్టిన మొక్కల్ని చూసి కండక్టర్ లగేజీ టికెట్ కొడుతూ, "ఇదేటి మాస్టారూ, గంజాయి కాదు కదా?" అన్నాడు. కొండ మీదికి గంజాయి మోసుకెళ్లే వెర్రివాడు ఎవరుంటారయ్యా అంటే బస్సంతా నవ్వింది.

అక్కడ తొలకరి వానలకి, నీరు నిలవని వాలులో నాటాం. మేకలకి అందకుండా చుట్టూ కంచె. మొదటి డిసెంబరులోనే ఫోన్ వచ్చింది: "మాస్టారూ, మీ మొక్కలు చచ్చిపోయినట్టున్నాయి, ఒక్క ఆకు లేదు." అంత సంతోషం కలిగించిన చావుకబురు నేను వినలేదు. గోరుతో బెరడు కొంచెం గీకి చూడమన్నాను. లోపల పచ్చగా ఉందన్నాడు. మార్చిలో వెళ్తే పక్క మొగ్గలు కూడా విచ్చుకుని ఉన్నాయి, వైజాగ్‌లో ఎన్నడూ చూడనివి.

అలాగని అక్కడ కాసి తీరుతుందని చెప్పను. రాత్రికి ఆరు గంటల చొప్పున నలభై రాత్రులు వేసుకున్నా 240 గంటలే అవుతాయి. పైగా పగటి ఎండ రాత్రి సంపాదించిన చలిలో కొంత కొట్టేస్తుంది. గింజ మొక్కలు కాబట్టి కాపుకి రావాల్సిన వయసుకే పదేళ్ల దాకా పట్టొచ్చు. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు గింజతో కాకుండా అంటుతో మొదలుపెట్టండి. శ్రీనగర్‌లో కేంద్ర సమశీతోష్ణ ఉద్యాన పరిశోధన సంస్థ (సీఐటీహెచ్) విడుదల చేసిన వాల్‌నట్ రకాలున్నాయి. అంటు మొక్కల్ని చలికాలంలో, ఆకు లేనప్పుడు తెప్పించుకోవాలి. తెచ్చాక వైజాగ్‌లో ఆపకుండా నేరుగా ఏజెన్సీకి పంపేయాలి.

మా ఇంట్లో మిగిలిన చెట్టు డ్రమ్ములోనే ఉంది. దాని చుట్టూ టమాటా నారు పెట్టొద్దని మా ఆవిడకి చెప్పాను, వాల్‌నట్ వేళ్లలో ఉండే జగ్లోన్ అనే రసాయనం టమాటాకి పడదు. ఆవిడ ఆ డ్రమ్ము మీద కన్నేసి నిమ్మ అంటు ఎప్పుడో కొని పెట్టుకుంది. వచ్చే వానాకాలంలో ఈ మూడోదాన్ని కూడా కొండెక్కించేస్తాను.

మొన్న చింతపల్లి మాస్టారు ఫోన్ చేశాడు. వాళ్ల తోటలో సిల్వర్ ఓక్ చెట్లన్నిటికీ మిరియాల తీగలే. "కాయలొచ్చేదాకా ఊరికే నిలబడి ఏం చేస్తాయి, మీ చెట్లకి కూడా తీగ పాకించేస్తాను" అన్నాడు. ఒకదానికి పాకించుకోమన్నాను, రెండోది వదిలేయమన్నాను.