పోలో జీటీ సస్పెన్షన్ లాగ్: బంప్ స్టాప్‌కి ఎంత ఖాళీ ఉందో కొలిచాకే పార్టులు

కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, 1.2 టర్బో పెట్రోలు, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగు, షాకర్ ఒకటిగా ఉండే నిలువు కాళ్లు), వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం). షాకర్లు, స్ప్రింగులు ఇప్పటిదాకా కంపెనీవే. బంప్ స్టాప్ అంటే షాకర్ పూర్తిగా ముడుచుకోకుండా చివర్లో ఆపే మెత్తటి దిమ్మ. వాడకం ఎక్కువగా హైదరాబాద్ ట్రాఫిక్‌లో, నెలకోసారి అనంతగిరి ఘాట్, పండగలకి నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. పార్టులు ఎంచేటప్పుడు అందరూ ఘాట్ గురించే ఆలోచిస్తారు గానీ, ఈ కారులో లెక్క తేల్చింది మాత్రం పండగ లోడే.

78,400 కి.మీ. – కొలతలు

ఎడమ ముందు స్ట్రట్ మీద నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. బానెట్ మూల నొక్కి వదిలి చూసే పద్ధతిని నమ్మొద్దు. అంత నెమ్మదిగా కదిలినప్పుడు సగం పోయిన షాకర్ కూడా బాగానే పట్టుకుంటుంది. గుంతలో పడ్డప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది.

చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు: ముందు 368, 365; వెనక 372, 370 మి.మీ. ఇది సమతలం మీద, ట్యాంకు సగం ఉన్నప్పుడు, టైర్లలో గాలి సరిచూశాక తీసుకున్న లెక్క. నేల నుంచి ఫెండర్‌కి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా అందులో కలిసిపోతాయి. అందుకే చక్రం మధ్య నుంచి.

తర్వాతది అన్నిటికన్నా ముఖ్యం. స్ట్రట్ మీదున్న రబ్బరు బూటు పైకి జరిపి, రాడ్డుకి సన్నటి కేబుల్ టై కట్టి సీల్ (రాడ్డు షాకర్‌లోకి దూరే చోటు) దాకా దించాలి. కారు నిలబడి ఉండగా సీల్ నుంచి బంప్ స్టాప్ దాకా ఖాళీ 38 మి.మీ. వచ్చింది. నలుగురిని ఎక్కించి, కాలనీ స్పీడ్ బ్రేకర్ని 25 కి.మీ. వేగంతో దాటించాక చూస్తే టై ఆ 38 దాటి బంప్ స్టాప్ లోపలికి ఇంకో 14 మి.మీ. వెళ్లి ఉంది. అంటే మామూలు ఎత్తులోనే బంప్ స్టాప్ పని చేస్తోంది. ఈ కారుని 35 మి.మీ. దించితే మిగిలేది 3. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో చక్రం ఎంత కదిలితే షాకర్ దాదాపు అంతే కదులుతుంది కాబట్టి ఇందులో తప్పించుకునే దారి లేదు.

ఒక జాగ్రత్త: బిల్‌స్టైన్ బీ6, బీ8 లాంటి తలకిందుల మోనోట్యూబ్ (ఒకే గొట్టం) స్ట్రట్లలో రాడ్డు, బంప్ స్టాప్ రెండూ లోపలే ఉంటాయి. వాటికి ఈ టై పద్ధతి పనికిరాదు.

స్ప్రింగులు ఎందుకు మార్చలేదు

ముందు ఒక్కో మూల మీద స్ప్రింగు మోసే బరువు సుమారు 300 కేజీలు అనుకుందాం. మార్కెట్లో ‘6 కేజీ’ స్ప్రింగు అనేది ఒక మి.మీ. నొక్కడానికి 6 కేజీల బరువు కావాల్సినది, అంటే మి.మీ.కి దాదాపు 59 న్యూటన్లు. మోషన్ రేషియో (చక్రం కదలికలో స్ప్రింగు కదిలే వంతు) 0.95 వర్గం చేసి గుణిస్తే చక్రం దగ్గర 53. దాంతో కారు ఊగే వేగం 2.1 హెర్ట్జ్, అంటే సెకనుకి 2.1 సార్లు. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 2.1 అంటే నున్నటి ట్రాక్‌కి సరిపోయే లెక్క. అతుకులు వేసిన రోడ్డు మీద ఆ గట్టి స్ప్రింగుతో టైరు ప్రతి అతుకు దగ్గరా నేలని వదిలేస్తుంది. టైరు నేలని వదిలితే పట్టు లేదు, ఎంత ఖరీదైన కాయిలోవరైనా (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాకర్ సెట్టు) సరే.

ఎత్తు దించడంలో ఇంకో చిక్కు ఉంది. చక్రాన్ని కింద పట్టుకునే ఆర్మ్ సమంగా ఉండే స్థితి దాటి బయటి కొస పైకి లేస్తే రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) కారు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి జారుతుంది. స్ప్రింగు గట్టిపడినా మలుపులో వాలు అనుకున్నంత తగ్గదు. పైగా ఇండియా పోలోని మన రోడ్ల కోసం యూరప్ పోలో కన్నా ఎత్తుగా పెట్టారు. యూరప్ కిట్ మీద ‘30 మి.మీ.’ అని రాస్తే అది అక్కడి ఎత్తు నుంచి లెక్క. ఇక్కడ దిగేది అంతకన్నా ఎక్కువే.

అందుకని ఎంపిక ఇలా తేలింది: కంపెనీ స్ప్రింగులు అలాగే ఉంచి, రీబౌండ్ (ముడుచుకున్న షాకర్ తిరిగి తెరుచుకునేటప్పటి గట్టితనం) తిప్పుకోగలిగే కోని స్పోర్ట్ షాకర్లు. బీ8 వద్దనుకున్నది అది దించిన కార్ల కోసం పొట్టిగా చేసింది కావడం వల్ల. బీ6 ఈ ఎత్తుకి సరిగ్గా సరిపోతుంది గానీ, తిప్పుకునే వీలు లేదు. ఏది కొన్నా, నకిల్‌లో (చక్రం హబ్బుని మోసే లోహపు భాగం) దూరే చోట స్ట్రట్ గొట్టం వ్యాసం వెర్నియర్‌తో కొలిచాకే ఆర్డర్ పెట్టాలి.

79,050 కి.మీ. – బిగింపు

ముందు వైపు: డ్రాప్ లింక్ (స్ట్రట్‌ని యాంటీ రోల్ బార్‌కి కలిపే చిన్న కడ్డీ) విప్పి, ఏబీఎస్ వైరు, బ్రేకు హోసు క్లిప్పుల నుంచి తీసి, నకిల్ పించ్ బోల్టు (స్ట్రట్‌ని నొక్కి పట్టే బోల్టు) తీయాలి. నకిల్ చీలికలో స్ప్రెడర్ దూర్చి 90 డిగ్రీలు తిప్పితే స్ట్రట్ వదులుతుంది. సుత్తితో కొడితే చీలిక అంచు దెబ్బతిని కొత్త స్ట్రట్ పూర్తిగా కూర్చోదు. నకిల్‌ని గాల్లో వేలాడనివ్వకుండా తాడుతో కట్టాలి. బయటికి ఒరిగితే డ్రైవ్‌షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడి వస్తుంది. పించ్ బోల్టుని ముందు చెప్పిన టార్క్ దాకా, తర్వాత ఇంకొంత కోణం తిప్పి బిగిస్తారు కాబట్టి అది సాగిపోతుంది. ప్రతిసారీ కొత్తదే వేయాలి.

పై నట్టుకి ఇంపాక్ట్ గన్ వాడొద్దు. రాడ్డు గిర్రున తిరిగి కొత్త సీల్ మొదటి రోజే పాడవుతుంది. నడుమ ఖాళీ ఉన్న సాకెట్, లోపల అలెన్ కీ పట్టి చేత్తో బిగించాలి. టాప్ మౌంట్, బేరింగ్ కూడా ఇప్పుడే కొత్తవి వేయడం మంచిది, మళ్లీ ఇదంతా విప్పక్కర్లేదు.

వెనక స్ప్రింగు, షాకర్ వేరు వేరు. బీమ్ కింద జాక్ ఆనించి, షాకర్ కింది బోల్టు తీసి, హోసు సాగకుండా మెల్లగా దించితే చాలు.

రెండు తప్పులు దొరికాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కుడి ముందు నుంచి ‘టక్’ మని చప్పుడు. స్ప్రింగు కొస కింది సీటు మెట్టుకి ఆనకుండా వేలెడు దూరంలో ఉంది. చక్రం తిరిగినప్పుడు స్ప్రింగు మెలితిరిగి ఒక్కసారిగా జారుతోంది. విప్పి కొస మెట్టుకి ఆనించాక చప్పుడు పోయింది. రెండోది: వెనక షాకర్ల కింది బోల్టులు కారు జాక్ మీద ఉండగానే బిగించడం. రబ్బరు బుష్ ఆ వేలాడే కోణంలోనే పట్టేసి కారు 6 మి.మీ. ఎత్తుగా నిలబడింది. చక్రాలు నేల మీద, బరువు పూర్తిగా పడ్డాక వదులు చేసి బిగిస్తే ఎత్తు పాత లెక్కకి వచ్చింది. అలాగే వదిలేస్తే బుష్ తొందరగా చిరుగుతుంది.

79,600 కి.మీ. – తిప్పి చూడటం

మెత్తని కొస నుంచి మొదలు: ముందు ముప్పావు చుట్టు, వెనక అర చుట్టు. ముందు ఒకటింపావుకి పెంచితే ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ ఇంకా చురుగ్గా అనిపిస్తుంది. కానీ ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోట వరస రంబుల్ పట్టీల మీద టై చూస్తే ముప్పావు మీద కన్నా 6 మి.మీ. లోపలికి వెళ్లింది. రీబౌండ్ మరీ గట్టిగా ఉంటే ఒక పట్టీకీ ఇంకో పట్టీకీ మధ్య స్ప్రింగు పూర్తిగా తెరుచుకోలేదు. కారు అంచెలంచెలుగా కిందికి దిగిపోయి చివరికి బంప్ స్టాప్ మీద నడుస్తుంది. అందుకని ముందు మళ్లీ ముప్పావుకే.

అలైన్‌మెంట్: ముందు క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికో బయటికో వాలే కోణం; మైనస్ అంటే లోపలికి) మైనస్ 40, మైనస్ 35 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం), మొత్తం టో (ముందు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా. కంపెనీ కారులో ముందు క్యాంబర్ మార్చే బోల్టు లేదు. సబ్‌ఫ్రేమ్ (కింది ఆర్మ్‌లు బిగించే చట్రం) కాస్త జరిపి రెండు వైపులా సమం చేయగలం అంతే. ఇంకా కావాలంటే క్యాంబర్ ప్లేట్లే (స్ట్రట్ పై కొసని జరపగలిగే టాప్ మౌంట్లు).

వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు వాలడాన్ని తగ్గించే కడ్డీ) ఈ వానాకాలం అయ్యేదాకా వేయడం లేదు. తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పక్కకి జారే గుణాన్ని అది పెంచుతుంది. కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, కడ్డీ గట్టితనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మి.మీ. నుంచి 22కి వెళ్తే 46 శాతం ఎక్కువ. ఈలోగా టైర్లు మార్చాలి. 195/55 ఆర్15 వేస్తే 185/60 కన్నా కారు నేలకి దాదాపు 4 మి.మీ. దగ్గరవుతుంది, బంప్ స్టాప్ దగ్గర ఖాళీ మాత్రం తగ్గదు. అవి వేశాక నలుగురితో అదే స్పీడ్ బ్రేకర్ మీద టై మళ్లీ కొలవాలి.