గడియ చప్పుడు

భుజానికి పద్నాలుగు కుట్లు పడ్డాయి, పదో రోజున విప్పారు. దొంగ వేసిన కత్తిగాటు సంగతి అంతే. అసలు జబ్బు ఆ తర్వాత పట్టుకుంది.

దొంగ వచ్చిన రాత్రి ముందు వినబడింది గేటు గడియే. ఆ తర్వాత ఏ ఇంటి గడియ కదిలినా గుండె దడ, అరచేతుల్లో చెమట. ఒక రాత్రి రెండున్నరకి పక్కింటాయన డ్యూటీ నుంచి వచ్చి గడియ తీశాడు. చూసుకుంటే నేను మంచం కింద ఉన్నాను. మా ఆవిడ రమ్మని లాగలేదు. తనూ నేలమీద పడుకుని, తెల్లారేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఆ ఆదివారం మా చర్చి సంఘపెద్ద ఒకాయన, "విశ్వాసం సన్నగిల్లితేనే భయం బాబూ. గ్లాడిస్ స్టెయిన్స్ గారు క్షమించలేదూ?" అన్నారు. ఆ మాట మీద కోపం ఇంకా పోలేదు. 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో మిషనరీ అయిన భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ తగలబెడితే ఆమె క్షమించారు, నిజమే. కేసు మాత్రం ఆగలేదు. 2011లో సుప్రీంకోర్టు దోషులకి యావజ్జీవ శిక్షనే ఖరారు చేసింది. అయినా ఆవిడ క్షమాపణ చూపించి నా భయాన్ని లెక్కగడతారా?

ఉలికిపాటు, పీడకలలు, తప్పించుకు తిరగడం నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ అంటారట, అంటే ఘోరం జరిగాక మనసుకి పట్టుకునే జబ్బు. డాక్టరు నాకు సెర్ట్రలిన్ అనే మాత్ర రోజుకి 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 50 చేశారు. మొదట్లో వికారం, కంగారు ఎక్కువవుతాయి. చాలామంది అక్కడే మానేస్తారు. గుణం తెలియాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపకండి, తల తిరుగుతుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మందుల షాపులో అల్ప్రాజోలం అనే కంగారు తగ్గించే మాత్ర అడిగి వేసుకోవద్దు. అలవాటు పడిపోతుంది, ఈ జబ్బూ తగ్గదు.

దడ మొదలైతే పాదాలు నేలకి ఆనించి కూర్చుంటాను. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, ఐదు నిమిషాలు. గబగబా పీలిస్తే వేళ్ళు తిమ్మిరెక్కి భయం రెట్టింపవుతుంది. వదిలే ఊపిరితో ప్రార్థన చేసుకుంటాను. బైబిల్లో 91వ కీర్తనలో "రాత్రివేళ కలుగు భయము" అని ఉంది. చిన్నప్పటి నుంచి చదివినదే, నా జబ్బు పేరు అక్కడుందని ఇప్పుడే చూశాను.

బైబిల్లోనే మొదటి రాజులు 19వ అధ్యాయం కూడా చదవండి. యెజెబెలు రాణి చంపుతానంటే ఏలీయా ప్రవక్త ఎడారిలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవదూత అతన్ని నిలదీయలేదు, నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్ళు చూపించి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి తినిపించాడు. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే నేను ఆ అప్పం గుర్తు చేస్తాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి జంకితే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ చప్పుడంటే భయం పోవడానికి కౌన్సెలింగ్‌లో నాచేత రోజూ పగటిపూట పదిసార్లు మా గడియ తీయించారు. నిన్న రాత్రి పక్కింటి గడియ మోగింది. లేచి, నీళ్ళు తాగి, పడుకున్నాను.